మూడు నెలలు నిండని పిల్ల

పశువుల దవాఖానాలో సహాయకురాలిగా చేరినప్పుడు కుక్కల గురించి నాకెవరూ ఏమీ చెప్పలేదు. ఎదకొచ్చిన గేదెలకు చూలు కట్టే సూదులు వేయడం, మేకలకు టీకాలు వేయడం, కోళ్లకు తెగులు వస్తే పైకి కబురు పంపడం, ఇవీ నా పనులు. జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట, గుట్ట కింద ఉన్న ఒక ఊరికి బదిలీ మీద వచ్చాక గానీ కుక్కల వంక సరిగా చూడలేదు.

వచ్చిన మొదటి ఎండాకాలంలోనే, ఒక పొద్దున నేను తాళం తీయడానికి వెళ్లేసరికి దవాఖానా మెట్ల మీద ఒక ఆడకుక్క కాళ్లు కొట్టుకుంటూ పడి ఉంది. నోటి నిండా నురగ. ఊళ్లో కుక్కలు ఎక్కువయ్యాయని ఎవరో మాంసంలో మందు కలిపి పెట్టించారు. అంతకు ముందు రోజు నేను దానికి డబ్బాలో మిగిలిన పెరుగన్నం పెట్టాను. ఆ ఒక్క పూట అన్నానికే నేను కాపాడతాననుకుని వచ్చినట్టుంది. నా బీరువాలో ఉన్న మందులేవీ దానికి పనికి రాలేదు. తల నా చెప్పు మీద పెట్టి చచ్చిపోయింది.

అక్కడి నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది. మా డాక్టర్ గారిని అడిగి పెంపుడు కుక్కల క్యాంపులో మిగిలిన రేబిస్ టీకాలు తెచ్చుకుని వీధికుక్కలకు వేశాను. ఆడకుక్కలను ట్రాలీ ఆటోలో పట్నం తీసుకెళ్లి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. ఆపరేషన్ అయిన గుర్తుగా చెవి కొస కొంచెం కత్తిరిస్తారు. రెండేళ్లు తిరిగేసరికి ఊళ్లో ఎటు చూసినా చెవి కొస లేని కుక్కలే. జనం నన్ను కుక్కల మేడం అనేవారు. మొదట్లో ఎగతాళికే అన్నారు. తర్వాత అదే నా పేరైంది.

గుట్ట పైన ముప్పై ఇళ్ల కోయగూడెం ఉంది. బండి వెళ్లదు. టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని రెండు వాగులు దాటి నడిచి ఎక్కాలి. అక్కడి కుక్కలు కింది కుక్కల్లాంటివి కావు. ఒక ఇంటివని అనలేం, వీధివని కూడా అనలేం. పొద్దున ఎవరు అడవికి బయల్దేరితే వాళ్ల వెంట పోతాయి. ఇప్పపువ్వు ఏరే రోజుల్లో ఎలుగుబంట్లు కూడా ఆ చెట్ల కిందికే వస్తాయి కాబట్టి కుక్క లేకుండా ఎవరూ కదలరు.

ఆ గూడెంలో నన్ను మొదట ఇంట్లోకి పిలిచింది ఒక అవ్వ. భర్త లేడు. కూతురితో కలిసి ఉండేది. నేను గుట్ట ఎక్కి రొప్పుతూ కూర్చుంటే నవ్వేది.

"ఏం బిడ్డా, ఇయ్యాల మ్యాకలకా, కుక్కలకా?"

"రెండిటికీ అవ్వా."

"మనుషులకు లేవా సూదులు?"

"మనుషులకు వేరే సిస్టరమ్మ ఉంది గదా."

"ఆమె రాదు. నువ్వే వస్తవు."

అవ్వ వెంట ఒక నల్లకుక్క ఉండేది. సూది వేసేటప్పుడు దాని మూతిని తానే పట్టుకుని వాళ్ల భాషలో ఏదో చెప్పేది. అది కదిలేది కాదు. ఏం చెప్పావని అడిగితే "డాక్టరమ్మ మనోళ్లే, ఓర్సుకో అన్న" అంది.

ఒక శీతాకాలం మొదట్లో కింది ఊళ్లో కుక్కల గొడవ మళ్లీ లేచింది. గ్రామసభ పెట్టారు. ఒక మిర్చి రైతు లేచాడు. వాళ్ల తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. చెడ్డవాడు కాదు.

"మేడమ్, మీకు కుక్కలంటే ప్రాణం. మాకు పిల్లలంటే ప్రాణం. బడికెళ్లే పిల్లల మీద పడితే మీరొచ్చి అడ్డం నిలబడతారా?"

నేను లేచి మాట్లాడాను. వీటిని చంపితే నెల తిరగకముందే పక్క ఊళ్ల కుక్కలు వచ్చి చేరతాయని, వాటికి టీకాలు ఉండవని చెప్పాను. ఇక్కడున్నవాటికి ఉన్నాయి కాబట్టి ఇవే మనకు కంచె అన్నాను. బాగా మాట్లాడానని నాకే తెలిసింది. ఆడవాళ్లు తలలూపారు. చివరికి సర్పంచ్ అన్నాడు: "సరే, ఒక్క ఏడాది చూద్దాం. ఏమన్నయితె మాత్రం మేడం, నిన్నే అడుగుత."

గెలిచానన్న సంతోషంతో ఇంటికి వెళ్లాను. ఆ గెలుపే తర్వాత నా కళ్లు కప్పింది.

కొన్నాళ్లకు అవ్వ కిందికి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. దవాఖానా గడప మీద కూర్చుంది. అడవిపందుల కోసం ఎవరో మొక్కజొన్న చేను చుట్టూ కరెంటు తీగ పెట్టారట. నల్లకుక్క దాని మీద పడి అక్కడికక్కడే పోయిందట.

"ఎప్పుడు ఎన్కనే వస్తది బిడ్డా. ఆ పొద్దు ముంగట నడిచింది. అది నడవకుంటె నేనే పోదును."

ఏడవలేదు. చేతులు మాత్రం ఒడిలో ఖాళీగా పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. ఆ చేతులు చూశాక ఆమెకు ఎలాగైనా ఒక కుక్కను ఇవ్వాలని నేను అనుకున్నాను. ఆమె అడగలేదు.

పత్తి తీసే రోజుల్లో ఆ మిర్చి రైతు పొలంలో, మోటారు కొట్టం వెనక, ఎక్కడి నుంచో వచ్చిన ఒక ఆడకుక్క ఈనింది. చెవి కత్తిరింపు లేదు. అంటే నేను టీకా వేసింది కాదు. పిల్లలకు నెల దాటాక ఒక రోజు అది ఇద్దరు పత్తి కూలీలను కరిచింది. మిగతా కూలీలు కర్రలతో కొట్టి చంపేశారు. కబురు విని నేను వెళ్లేసరికి దాన్ని అప్పుడే పూడ్చిపెట్టారు. నేను రైతు మీద విరుచుకుపడ్డాను.

"పిల్లల తల్లి, దగ్గరికి పోతే కరవదా? దానికే చంపుతరా?"

"దాని చూపే వేరుగా ఉంది మేడమ్," అన్నాడు ఆయన. "రెండ్రోజుల నుంచి ఊరికే తిరుగుతోంది. మట్టి కొరుకుతోంది."

ఆ మాట నేను విన్నాను. చదువుకున్నదాన్ని, ఏళ్ల తరబడి ఆ పనిలో ఉన్నదాన్ని. మట్టి కొరకడం అంటే ఏమిటో నాకు తెలుసు. కానీ ఆ కుక్కకు పిచ్చి అని ఒప్పుకుంటే నేను సభలో గెలిచినదంతా పోతుంది. ఇది సాకు, చంపడానికి వీళ్లకొక సాకు కావాలి, అనుకున్నాను. అయినా కరిపించుకున్న ఇద్దరినీ నేనే సూదులకు పంపాను. ఐదు డోసులూ పూర్తయ్యేదాకా ఫోన్ చేసి గుర్తు చేశాను. వాళ్లిద్దరూ ఈ రోజుకీ బాగున్నారు. కూలీలను సూదులకు పంపినదాన్ని, అదే కుక్క పిల్లలను మాత్రం ఒడిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నా మనసులో ఒక సగానికి అనుమానం ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మూడు పిల్లలు. వాటిలో రెండు, తెచ్చిన వారం లోపలే చచ్చిపోయాయి. తల్లిపాలు లేవు, చలి, వాంతులూ విరేచనాలూ వచ్చి ఉంటాయి అనుకున్నాను. మిగిలింది ఒక గోధుమరంగు ఆడ కుక్కపిల్ల. చురుకైంది. దాన్ని చెంగులో చుట్టుకుని గుట్ట ఎక్కాను. దారి పొడుగునా నా వేళ్లు కొరుకుతూనే ఉంది. మా ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ముందు జాగ్రత్తగా రేబిస్ టీకాలు వేస్తారు. నాకు వేశారు. అవ్వకు ఎవరు వేస్తారు?

అవ్వ దాన్ని రెండు చేతులా అందుకుని మెడ దగ్గర పెట్టుకుంది. "నా తల్లే, ఎంత మెత్తగుంది," అంది.

"అవ్వా, దీనికి ఇంకా సూది వెయ్యలే. మూడు నెలలు నిండాలె. నిండంగనే వస్త."

"సూది లేకుంటె ఏమైతది బిడ్డా. పాలు తాగే పిల్ల."

ఇరవై రోజుల తర్వాత మేకల కోసం మళ్లీ వెళ్లాను. పిల్ల కనిపించలేదు.

"సచ్చిపోయింది," అంది అవ్వ. "రెండొద్దులు తిండి ముట్టలే. మూల చూసుకుని పన్నది."

అలవాటు కొద్దీ అడిగాను. "ఎవరినన్న కరిచిందా?"

"ఏం కరుస్తది? పండ్లే రాలే."

పళ్లు వచ్చాయని నాకు తెలుసు. సూదుల్లాంటి పళ్లు. నా వేళ్లకు వాటి గుర్తులు పడ్డాయి. అయినా నేను ఆమె చేతులు పట్టుకుని తిప్పి చూడలేదు. ఎందుకైనా మంచిది దవాఖానాకు పోదాం పద అనలేదు. కుక్క పోయిన బాధలో ఉన్న మనిషిని ఇంకా ఏం అడుగుతాం అనుకుని మేకల దొడ్డి వైపు వెళ్లిపోయాను. ఆ ఒక్క క్షణం దగ్గరికి నేను రోజూ తిరిగి పోతూ ఉంటాను. రోజూ ఆమె చేయి పట్టుకుంటాను.

ఇప్పపువ్వు రాలే రోజులు సగం గడిచాక ఫోన్ వచ్చింది. గూడెంలో ఒక బండ మీద నిలబడితేనే సిగ్నల్ దొరుకుతుంది. అవ్వ కూతురు అక్కడి నుంచి చేసింది.

"అక్కా, అమ్మకు ఏందో అయితుంది. చెయ్యి తిమ్మిరంటది. పొద్దుట్నుంచి నీళ్లు ముట్టలే. చెంబు సూపిస్తె వణుకుతుంది."

ఇంకేమీ అడగాల్సిన అవసరం లేకపోయింది. వెంటనే కిందికి దింపమని చెప్పి అంబులెన్స్‌కు ఫోన్ చేశాను.

నులకమంచానికి కర్రలు కట్టి నలుగురు మోసుకుంటూ కిందికి తెచ్చారు. అంబులెన్స్‌లో భద్రాచలం పెద్ద దవాఖానాకు వెళ్లాం. కిటికీ గాలి తగిలితే అవ్వ గొంతు బిగుసుకుపోయేది. నేను నా చున్నీ అడ్డం పట్టుకుని కూర్చున్నాను. తెలివి ఉంది ఆమెకు. నన్ను గుర్తుపట్టింది. దగ్గరికి వంగి నోటి పక్కన తుడవబోతే తల పక్కకు తిప్పుకుంది.

"దూరం జరుగు బిడ్డా. నా ఉమ్మి పడుతది."

తనకేమైందో ఆమెకు తెలుసని అప్పుడు అర్థమైంది.

అక్కడి డాక్టర్ గారు చిన్న వయసు వారు. ఏ కుక్క కరిచిందని అడిగారు. అవ్వ ఏ కుక్కా కరవలేదంది. కూతురు తల వంచుకుని నిలబడింది. తర్వాత మెల్లగా తల్లి కుడి చేయి పట్టుకుని బొటనవేలు చూపించింది. గోరు పక్కన మానిపోయిన చిన్న గీత. కళ్లు చికిలించి చూస్తే గానీ కనపడదు.

"పసుపు, ఇప్పనూనె పెట్టినం సార్," అంది కూతురు.

ఆయన నన్ను బయటికి పిలిచారు. చెప్పాల్సింది చెప్పారు. ఇక ఎవరూ ఏమీ చేయలేరని నాకు ముందే తెలుసు. మర్నాడు మధ్యాహ్నం అవ్వ పోయింది. పోయే ముందు చాలాసేపు వాళ్ల భాషలో ఎవరితోనో మాట్లాడింది. ఏమంటోందని నేను కూతురిని అడగలేదు. అడిగే హక్కు నాకు ఉందనిపించలేదు.

కింది ఊళ్లో మూడో రోజే సభ పెట్టారు. సర్పంచ్ నా వైపు చూశాడు. ఏడాది కాకముందే అడిగే రోజు వచ్చింది. గుట్ట మీది సంగతి గుట్ట మీదిది, అడవి నక్క కరిచి ఉంటుంది అంటే సరిపోయేది. నన్ను కాదనగలిగిన వాళ్లు అక్కడ లేరు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. నా వెనక గోడ నీడలో నేను టీకాలు వేసిన నాలుగు కుక్కలు పడుకుని ఉన్నాయి.

"ఆ పిల్లను గుట్ట మీదికి తీసుకపోయింది నేనే," అన్నాను. "మోటారు కొట్టం కాడి కుక్క పిల్ల. ఆ కుక్కకు పిచ్చే. రైతు చెప్పిండు. నేను ఇనలే."

మిర్చి రైతు నేల చూశాడు. ఆయన నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదా మేడమ్," అన్నాడు చివరికి. "ఎందుకు చెప్పారు?"

టీకాలు వేసిన కుక్కలకు ఏ పాపమూ తెలియదని, ఇప్పుడే వాటిని ఉంచుకోవాలని చెప్పబోయాను. నా మాటకు అప్పటికే విలువ లేదు. నేను మాట్లాడుతుంటే ఒకామె లేచి పిల్లను చంకనేసుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలో కుక్కలకు విషం సూదులు వేసే మనుషుల్ని బయటి నుంచి పిలిపించారు. వాళ్లకు కష్టపడి పట్టుకునే పనే పడలేదు. రా రా అని చేయి చాపితే చాలు, తోక ఊపుకుంటూ వచ్చాయి. మనిషి చేతిలో సూది చూసి పారిపోకూడదని ఏళ్ల తరబడి వాటికి నేర్పింది నేనే. చెరువు గట్టు అవతల గుంత తవ్వారు. ఆ పని చట్టానికి విరుద్ధమని నాకు తెలుసు. ఫిర్యాదు రాయడానికి కాగితం తీసుకుని కూర్చున్నాను. మొదటి వాక్యం దాటలేదు. సాయంత్రం గుంత దగ్గరికి వెళ్లాను. పైన మట్టి సరిగా కప్పలేదు. కొస లేని చెవులు కొన్ని బయటికే కనిపిస్తున్నాయి. చేతులతో మట్టి తోసి కప్పాను.

సెలవు పెట్టి ఖమ్మంలో మా ఇంటికి వెళ్లిపోయాను. బదిలీకి దరఖాస్తు రాశాను. మా ఆయన మంచి మాటలు చెప్పాడు. నువ్వు కావాలని చేశావా అన్నాడు. కావాలని చేయలేదు. అది నిజమే. ఆ నిజం నాకు ఏ పూటా ఉపయోగపడలేదు.

సెలవు అయిపోయి తిరిగి వచ్చిన రెండో రోజు, అవ్వ కూతురు దవాఖానా గుమ్మంలో నిలబడి ఉంది. దినాలు అయ్యాయట. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా కుక్కలకు సూదులెయ్యాలె. ఎప్పుడొస్తవు?"

"నన్ను రానిస్తరా?"

"కుక్కలను చంపుదామన్నరు కొందరు. నేనే వద్దన్న. ఎలుగులుంటయి గదా, ఎట్ల బతుకుతం? రేపు రా."

మర్నాడు గుట్ట ఎక్కాను. గూడెంలో ఎవరూ నన్ను పలకరించలేదు. పొమ్మని కూడా అనలేదు. ఆమె ఒక్కో కుక్క మూతి పట్టుకుంటే నేను సూది వేశాను. సూది వేసే ఈడు రాని కుక్కపిల్లలను విడిగా కట్టించి, ఎవరూ ముట్టుకోవద్దని, చిన్న గీత పడ్డా సబ్బుతో కడుక్కుని అదే రోజు దవాఖానాకు రావాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. మధ్యలో ఆమె ఆగిపోయింది. ఒక కుక్క మెడ మీద చేయి వేసుకుని, నన్ను చూడకుండా మాట్లాడింది.

"పిల్ల కరిచిందని అమ్మ నాకు ఆ పొద్దే చెప్పింది అక్కా. దవాఖానకు పోదామన్న. ఒద్దన్నది."

నేను సూది పట్టుకునే ఉన్నాను.

"ఆ బిడ్డ ప్రేమతోటి తెచ్చిచ్చింది, కరిచిందని తెలిస్తె ఊళ్లె ఆ బిడ్డ మాట పోతది, ఆమె సాదిన కుక్కలన్నిటిని చంపుతరు, అన్నది. నువ్వు మ్యాకలకొచ్చిన పొద్దు నేను ఇంట్లనే ఉన్న. నువ్వు అడుగుడు ఇన్న. నేను గూడ ఊకున్న."

అని కూర్చుండిపోయింది. నేను వెళ్లి ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాను. ఆమె నా భుజం మీద తల పెట్టలేదు, నేను ఆమె చేయి పట్టుకోలేదు. ఇద్దరం ఏడ్చాం. ఆమె తల్లి గురించి ఏడ్చింది. నేను ఎవరి గురించి ఏడ్చానో చెప్పలేను. కాసేపటికి ఆమె లేచి కుక్కను మళ్లీ పట్టుకుంది.

బదిలీ దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. కింది ఊరికి వానాకాలం రాకముందే కొత్త కుక్కలు వచ్చాయి. ఎక్కడివో, ఏ టీకా లేనివి. నేను సభలో చెప్పినట్టే జరిగింది. చెప్పినట్టే జరిగిందని ఎవరితోనూ అనలేదు. మళ్లీ మొదటి కుక్క నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు ఏ గూడెం వెళ్లినా ముందు నా తప్పు చెప్తాను. పేర్లు చెప్పను. ఒక అవ్వకు నేను ఒక పిల్లను ఇచ్చానని, ఆమె నా పరువు కోసం నోరు మూసుకుందని చెప్తాను. దయచేసి నా కోసం ఎవరూ నోరు మూసుకోవద్దంటాను.

మొన్న పర్ణశాల వైపు ఒక గూడెంలో ఇది చెప్పి లేస్తుంటే, ఒక ముసలాయన అందరూ వెళ్లేదాకా ఆగి పంచె పైకి లాగి పిక్క చూపించాడు. రెండు రోజుల నాటి గాటు. సబ్బుతో కడిగి, స్కూటీ మీద ఎక్కించుకుని దవాఖానాకు బయల్దేరాను. దారంతా నా వెనక కూర్చుని బతిమాలుతూనే ఉన్నాడు.

"మంచి కుక్క తల్లీ. దాని తోక తొక్కిన. తప్పు నాదే. దాన్ని చంపరు గదా?"

చంపరని మాట ఇవ్వలేకపోయాను.

"ముందు నీకు సూది ఏపిద్దాం తాతా," అన్నాను. "గట్టిగ పట్టుకో. రోడ్డు బాగలేదు."